రూపాయికి పన్నెండణాలు

పొగతోట సందుల్లో మందుల షాపులు షట్టర్లు దించాక
మూడో అంతస్తులో నాకు ఇంగ్లీషు మొదలవుతుంది.
పన్నెండో బెడ్డు సెలైను అయిపోవడానికి ఇంకా గంటంపావు.
అందాకా నేను నర్సుని కాదు,
నర్సు వేషం కట్టడం నేర్చుకుంటున్న నర్సుని.

కార్డు మీద రోగి పేరు థాంప్సన్.
యాభై ఎనిమిదేళ్ళు, మోకాలి నొప్పి, ఒక కుక్క.
కుక్క ఎందుకో మా సారు చెప్పలేదు.
ఈ వేళప్పుడు థాంప్సన్‌గా చేయడానికి
వాచ్‌మన్ మస్తానయ్య తప్ప మెలకువగా ఎవరుంటారు?
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని
స్టూలు మీద బుద్ధిగా కూర్చుంటాడు.
"ఇంక అడగమ్మా కెజియా."

ఒకటి నించి పదిలో మీ నొప్పి ఎంత,
అడుగుతాను ఇంగ్లీషులో, వేళ్ళు సాయం తెచ్చుకుని.
ఆయన ఆలోచిస్తాడు. నిజంగానే ఆలోచిస్తాడు.
"రూపాయికి పన్నెండణాలుండాదమ్మా.
మబ్బు పట్టిందంటే పదహారణాలూ."

పన్నెండణాలంటే పదిలో ఏడున్నర.
ఏడున్నరకి గడి లేదు.

మాగుంట లేఔట్‌లో మా కోచింగు.
మీ ప్రతి మాటకీ తోక ఉంది అంటారు సారు.
హార్టు కాదు హార్ట్, బెడ్డు కాదు బెడ్,
చివరి 'ఉ' కోసేయండి.
పుట్టినప్పట్నించీ నా నోట్లో పెరిగిన తోకలు
ఒక్కొక్కటే కోస్తున్నాను.
బల్లి తోకల్లాగా
కోసినవన్నీ రాత్రి దిండు కింద కొట్టుకుంటాయి.

వెయిన్ అనేప్పుడు
పై పళ్ళు కింది పెదవిని తాకాలట.
పసిపిల్లల చేతుల్లో, ఎండిన ముసలి చేతుల్లో
మొదటి పోటుకే దాన్ని దొరకబుచ్చుకునేదాన్ని,
పేరు దగ్గర తప్పిపోతున్నాను.

పోయినసారి అన్నీ వచ్చాయి, ఉత్తరం తప్ప.
ఇంటికెళ్ళే రోగి గురించి ఇంకో నర్సుకి రాసే ఉత్తరం.
పది మార్కులు తక్కువ.
ఫీజు నా రెండు నెలల జీతం,
ఈసారికి మా అక్క చీటీ పాడి కట్టింది.
ఏం తప్పు రాశానని సారుకి చూపిస్తే
అక్కర్లేనివి రాశావన్నారు.
లైటు తీసేస్తే ఆమె నిద్రపోదని రాశాను.
అంతే.

సానుభూతికి వేరే మార్కులు.
ఎక్కడ ఏ వాక్యం వేయాలో బట్టీ పట్టాను:
మీకిది ఎంత కష్టంగా ఉందో నేను అర్థం చేసుకోగలను.
మస్తానయ్య మీద వేసి చూశాను.
"ఏమంటుండావు?"
తెలుగులో చెప్పాను.
"ఎట్టమ్మా? మోకాలు నాది గదా"
అని నవ్వి, నా మొహం చూసి,
"సర్లే, అర్థమైందని రాసుకో" అన్నాడు.

అప్పుడు మోగింది పన్నెండో బెడ్డు.
ఉలవపాడు అవ్వ సూది ఊడగొట్టుకుంది.
"సలపతా ఉండాది... కాదు, పోటు... కాదమ్మే, తీపులు."
సలుపుకి థ్రాబింగ్. పోటుకి స్టాబింగ్.
తీపుకి ఏమిటని మొన్న క్లాసులో అడిగితే
స్వీట్ అని సారు నవ్వారు, అందరూ నవ్వారు, నేనూ.
"ఏడవబాక అవ్వా, నేనుండాలే" అన్నాను.
ఆ వాక్యానికి ఎన్ని మార్కులో తెలియదు.
అవ్వ చెయ్యి మాత్రం వదులైంది,
నరం పైకి తేలింది.

తిరిగొచ్చేసరికి థాంప్సన్ గోడకానుకుని నిద్రపోతున్నాడు.
ఫోన్లో టైమరు ఎప్పుడో ఐదు నిమిషాలు దాటిపోయింది.
కాలు బారజాపి, ప్యాంటు మడిచి,
మోకాలి కింద ఎత్తుకి టోపీ పెట్టుకున్నాడు.
కొబ్బరికాయంత వాపు.

మూడు నెలలుగా రాత్రుళ్ళు ఈ మోకాలినే అడుగుతున్నాను.
ఒక్కసారీ చూళ్ళేదు.

వంగి, నెమ్మదిగా,
హౌ లాంగ్ అన్నాను,
తోక లేకుండా.

"మూడేళ్ళు" అన్నాడు మస్తానయ్య
కళ్ళు తెరవకుండానే.